గుడ్డు, పాలు, పల్లీలు పడని బాబుకి పుట్టినరోజు కేకు

మీరు అడిగిందాన్ని నేను అర్థం చేసుకున్నంతవరకు చెప్తాను. బాబుకి నాలుగేళ్లు. గుడ్డు, పాలు, పల్లీలు, జీడిపప్పు పడవని డాక్టరు తేల్చారు. ఇంకో మూడు వారాల్లో పుట్టినరోజు. మీకు బాగా చెయ్యి తిరిగిన నాలుగు గుడ్ల స్పాంజ్ కేకునే, గుడ్డుకి బదులు అవిసె గింజల పొడి, పాలకి బదులు ఓట్ పాలు, వెన్నకి బదులు నూనె వేసి మూడుసార్లు చేశారు. ఒకటి నడిమధ్యన గుంట పడింది, ఒకటి లోపల బంకబంకగా ఉండిపోయింది, మూడోది ఇటుకైంది. "నాకు చేతకావట్లేదా, అసలు ఇది అయ్యే పనేనా?" అన్నారు.

మీ చేతిలో లోపమేమీ లేదు. పట్టుకున్న కేకే తప్పు.

మా అమ్మాయికి ఇప్పుడు పదిహేనేళ్లు. రెండో ఏడు నిండకముందే పాలు, గుడ్డు, జీడిపప్పు, పిస్తా పడవని తేలింది. మొదటి రెండేళ్లు నేనూ మీలాగే చేశాను. 'దేనికి బదులు ఏది' అన్న పట్టిక ఒకటి ఫ్రిజ్ తలుపుకి అంటించుకుని, పాత వంటకాల్లో ఒకటి తీసి ఒకటి పెట్టుకుంటూ పోయాను. పదింట్లో ఏడు చెత్తబుట్టలోకే వెళ్లాయి. ఆ పట్టిక చింపేశాకే వంట దారిన పడింది. అప్పట్నుంచీ ఒకటే చూసుకుంటున్నాను: గుడ్డు, పాలు అసలు అడగని వంటకం ఏది?

ఎందుకో చెప్తాను. పెంకు తీసేస్తే ఒక గుడ్డు సుమారు 50 గ్రాములు. అందులో ముప్పావు వంతు నీళ్లే. మిగతాది మాంసకృత్తులు, కొవ్వు. స్పాంజ్ కేకులో ఆ మాంసకృత్తులే గిలక్కొట్టినప్పుడు గాలిని పట్టి ఉంచుతాయి, వేడికి గట్టిపడి ఆ గాలి గూళ్లని అలాగే నిలబెడతాయి. నాలుగు గుడ్లంటే 200 గ్రాములు. అంటే ఆ కేకుకి గుడ్డే ఎముకల గూడు. అవిసె గింజల పొడి ఒక టేబుల్ స్పూను, నీళ్లు మూడు టేబుల్ స్పూన్లు కలిపి పది నిమిషాలు ఉంచితే వచ్చే జిగురు, పిండిని ఒకదానికొకటి అతికిస్తుంది, తేమని పట్టి ఉంచుతుంది. అంతవరకే. అది నురగ కట్టదు, వేడికి గుడ్డులా గట్టిపడదు. ఒక గుడ్డు స్థానంలో వేస్తే తేడా తెలీదు. నాలుగింటి స్థానంలో వేస్తే మీకొచ్చినట్టే బంకవుతుంది. నేను పెట్టుకున్న లెక్క ఇది: వంటకంలో ఒక గుడ్డుంటే కళ్లు మూసుకుని మార్చేయొచ్చు, రెండుంటే ఆలోచించి మార్చొచ్చు, మూడు దాటితే ఆ పేజీ తిప్పేయడమే.

గుడ్డు అడగని కేకులు కొత్తగా పుట్టినవేమీ కావు, అలర్జీ పిల్లల కోసం పుట్టినవీ కావు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికాలో గుడ్లు, పాలు, వెన్న పొదుపు చేయాల్సి వచ్చి, అవేవీ లేని కేకులు ఇంటింటా చేసుకున్నారు. ఎండుద్రాక్ష, చక్కెర, కొవ్వు, మసాలా దినుసులు నీళ్లలో మరిగించి, పూర్తిగా చల్లారాక పిండీ సోడా కలిపే కేకు ఆ కాలం నాటిదే. రెండో యుద్ధంలో బ్రిటన్‌లో 1940లో మొదలైన రేషన్ 1954 దాకా నడిచింది. మనిషికి వారానికి ఒక్క గుడ్డు. ఆ ఇళ్లల్లో ఆడవాళ్లు కష్టకాలంలో కనిపెట్టుకున్నదంతా ఇవాళ మీకూ నాకూ ఆస్తి. అందుకే 'అలర్జీ కేకు' అని వెతకడం కంటే పాతకాలం పొదుపు కేకులు వెతికితే మంచి వంటకాలు దొరుకుతాయి. వాటిని తిన్నవాళ్లు ఇందులో ఏదో తక్కువైందని అనుకోరు. ఎందుకంటే తీసేసిందేమీ లేదు.

మీ పుట్టినరోజుకి నేను చెప్పేది వెనిగర్‌తో చేసే కోకో కేకు. మా ఇంట్లో పదకొండేళ్లుగా ప్రతి పుట్టినరోజుకీ ఇదే.

180 గ్రాముల మైదా, 200 గ్రాముల చక్కెర, 20 గ్రాముల తియ్యదనం లేని కోకో పొడి, ఒక టీస్పూను వంట సోడా, అర టీస్పూను ఉప్పు. వీటిని కలిపి జల్లించండి. సోడాలో గడ్డలుంటే వేళ్లతో నలిపి మరీ వేయండి, గడ్డ నోట్లో పడితే పిల్లలు ఆ ముక్క ఇక ముట్టరు. ఇంకో గిన్నెలో 240 మిల్లీలీటర్ల నీళ్లు, 75 మిల్లీలీటర్ల వాసన లేని నూనె, ఒక టీస్పూను వెనిల్లా. ఓవెన్ 175 డిగ్రీల సెల్సియస్‌కి వేడెక్కాక, 8 అంగుళాల చదరపు టిన్నులో బటర్ పేపర్ పరిచి పక్కన పెట్టుకున్నాకే తడినీ పొడినీ కలపండి. ముందు కలిపి తర్వాత టిన్ను కోసం వెతుక్కుంటే అయిపోయింది.

చిట్టచివర ఒక టేబుల్ స్పూను తెల్ల వెనిగర్. అది వేసి విస్క్‌తో పది పన్నెండు చుట్లు తిప్పగానే పిండి మీద లేత రంగు చారలు పడతాయి, సన్నగా చిటచిట వినిపిస్తుంది, గిన్నె అంచున బుడగలు లేస్తాయి. సోడా, వెనిగర్ కలిసి బొగ్గుపులుసు వాయువు పుట్టే క్షణం అది. ఆ గాలే మీ కేకుని లేపేది. అది బయటికి పోకముందే ఓవెన్‌లోకి వెళ్లాలి. పిండి పలచగా, గరిటెతో ఎత్తితే తీగలా జారుతూ ఉంటుంది. 'అయ్యో, జారుడైపోయింది' అని ఇంకో రెండు చెంచాల మైదా వేయకండి, అలాగే ఉండాలి. చిన్నచిన్న ఉండలు కనిపిస్తే వదిలేయండి. నునుపు కోసం ఎక్కువ కలిపితే మైదాలోని గ్లూటెన్ అనే జిగురు మాంసకృత్తు సాగి, కేకు రబ్బరులా తయారవుతుంది. 30 నుంచి 35 నిమిషాలు. పుల్ల గుచ్చితే ఒకటి రెండు తడి నలకలతో రావాలి. వెనిగర్ వాసన వస్తుందేమోనని అందరూ భయపడతారు. రాదు, సోడా దాన్ని మిగల్చదు.

కోకో వద్దు, తెల్ల కేకే కావాలంటే ఊరికే కోకో తీసేసి ఊరుకోకండి. ఈ కొలతల్లో సోడా ఎక్కువ, వెనిగర్ తక్కువ. మిగిలిన సోడాని కోకో రుచి కప్పేస్తుంది. కోకో లేకపోతే సబ్బు రుచి తేలుతుంది, రంగూ మురిగ్గా వస్తుంది. మైదా 200 గ్రాములు చేసి, సోడా అర టీస్పూనుకి తగ్గించి, ఒకటిన్నర టీస్పూను బేకింగ్ పౌడర్ చేర్చండి. వెనిగర్ బదులు నిమ్మరసం వేస్తే ఇంకా బాగుంటుంది.

పైన పూతకి వెన్న అక్కర్లేదు. ఐసింగ్ షుగర్‌లో కోకో, చెంచా చెంచాగా వేడినీళ్లు పోస్తూ కలిపితే మెరిసే పూత వస్తుంది. ఎత్తుగా పువ్వులు దిద్దాలంటే పాలు లేని మార్జరిన్ (నూనెలతో చేసిన, వెన్న లాంటి కొవ్వు) దిమ్మ వాడండి, డబ్బాలో వచ్చే మెత్తటిది వద్దు. దాంట్లో నీళ్లెక్కువ, నిలబడదు. 100 గ్రాములకి 200 గ్రాముల ఐసింగ్ షుగర్. వెన్న స్థానంలో నూనె వేయడం గురించి కూడా ఒక మాట. వెన్న అంతా కొవ్వు కాదు, నూటికి 80 వంతులే కొవ్వు, మిగతాది దాదాపుగా నీళ్లు. 100 గ్రాముల వెన్న బదులు 100 గ్రాముల నూనె పోస్తే కేకు జిడ్డు కారుతుంది. 80 గ్రాముల నూనె, మూడు టీస్పూన్ల నీళ్లు వేస్తే లెక్క సరిపోతుంది. బిస్కెట్లలో మాత్రం నూనె పనిచేయదు. అక్కడ గట్టి కొవ్వు ఉండాల్సిందే, లేకపోతే ట్రే అంతా పరుచుకుపోతాయి.

ఇక అసలు భయపడాల్సిన చోటుకి వద్దాం. పైన చెప్పిందంతా కుదిరినా కుదరకపోయినా నష్టం ఒక కేకు. ఇకపై చెప్పేది తప్పితే నష్టం వేరు.

అమ్మాయికి ఐదేళ్లప్పుడు కొబ్బరి పాలతో ఏదో చేద్దామని కొబ్బరి పాల పొడి కొన్నాను. పేరులోనే కొబ్బరి ఉంది, బొమ్మ మీద కొబ్బరికాయ ఉంది, ఇంకేం చూడాలి అనుకున్నాను. రెండు చెంచాలు తిన్న పది నిమిషాలకి పెదవి ఒక పక్క ఉబ్బింది, మెడ మీద దద్దుర్లు, తర్వాత దగ్గు మొదలైంది. సూది ఇచ్చి ఆసుపత్రికి పరుగెత్తాం. రాత్రి ఇంటికొచ్చాక ఆ ప్యాకెట్టు వెనక్కి తిప్పి ఫోను లైటు వేసి చూస్తే, చీమ తలకాయంత అక్షరాల్లో 'సోడియం కేసినేట్' అని ఉంది. అంటే పాలలోని మాంసకృత్తే. కొబ్బరి పొడి నీళ్లలో చక్కగా కలిసిపోవాలని చాలా తయారీల్లో అది కలుపుతారని నాకు అప్పటిదాకా తెలీదు. డబ్బాలో ద్రవంగా వచ్చే కొబ్బరి పాలలో సాధారణంగా ఉండదు, పొడిలోనే ఈ తంటా. ఆ రోజు నుంచి ప్యాకెట్టు ముందు వైపు నాకు లెక్కలోకి రాదు.

వెనక వైపు ఏం చూడాలంటే, పాలకి కేసీన్, కేసినేట్, వే (whey), లాక్టాల్బుమిన్ అన్నవి మారుపేర్లు. గుడ్డుకి అల్బుమిన్, లైసోజైమ్. కాచిన నెయ్యిలోనూ పాల మాంసకృత్తులు కొద్దిగా మిగిలే ఉంటాయి. కాఫీలో కలుపుకునే పొడుల మీద 'పాలు లేనిది' అన్న అర్థం వచ్చే మాట ముందు రాసి, వెనక కేసినేట్ రాసినవి ఉంటాయి. గుడ్డు విషయంలో ఇంకో ఉచ్చు ఉంది. 'ఎగ్ రీప్లేసర్' అంటే బంగాళాదుంప పిండి లాంటి వాటితో చేసిన గుడ్డు లేని పొడి. 'ఎగ్ సబ్‌స్టిట్యూట్' పేరుతో డబ్బాల్లో వచ్చేది చాలాసార్లు పచ్చసొన తీసేసిన తెల్లసొనే, కొలెస్టరాల్ వద్దనుకునేవాళ్ల కోసం. మాటలు రెండూ ఒకేలా ఉంటాయి, లోపలున్నవి పగలూ రాత్రీ అంత తేడా. అనవసరంగా భయపడాల్సిన పేర్లూ ఉన్నాయి. కోకో బటర్‌లో వెన్న లేదు, అది కోకో గింజల కొవ్వు. క్రీమ్ ఆఫ్ టార్టార్‌లో క్రీము లేదు, అది ద్రాక్షసారా తయారీలో మిగిలే పుల్లటి ఉప్పు.

డార్క్ చాక్లెట్ సంగతి ప్రత్యేకం. పదార్థాల జాబితాలో పాలు లేకపోయినా నమ్మకండి. చాలాచోట్ల పాల చాక్లెట్ పోసిన యంత్రాల్లోనే దీన్నీ పోస్తారు. ఆ యంత్రాల్ని నీళ్లతో కడగరు, నీళ్లు తగిలితే చాక్లెట్ పాడవుతుంది కాబట్టి. 2015లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ డార్క్ చాక్లెట్లని పరీక్షిస్తే, పాలు ఉన్నట్టు చెప్పని వాటిలో సైతం చాలావాటిలో పాలు బయటపడ్డాయి. నేను చాక్లెట్ ముక్కల జోలికి పోకుండా కోకో పొడితోనే సరిపెట్టేది అందుకే. దాన్ని కూడా తయారీదారుకి రాసి అడిగాకే కొంటాను.

'వీటి ఆనవాళ్లు ఉండొచ్చు' అన్న హెచ్చరిక చాలా దేశాల్లో తయారీదారు ఇష్టం, చట్టం బలవంతం లేదు. కాబట్టి ఆ మాట లేనంత మాత్రాన ఆనవాళ్లు లేనట్టు కాదు. తప్పనిసరిగా రాయాల్సిన అలర్జీ పదార్థాల జాబితా కూడా దేశానికొకటి. యూరోపియన్ యూనియన్‌లో 14 ఉన్నాయి. అమెరికాలో 8 ఉండేవి, 2023 జనవరి 1 నుంచి నువ్వులు చేరి 9 అయ్యాయి. వేరే దేశం ప్యాకెట్టు చదివేటప్పుడు ఇది గుర్తుండాలి. 'వేగన్' (పాలు, గుడ్డు లాంటి జంతు పదార్థాలేవీ వేయనిది) అన్న గుర్తు చూసి నిశ్చింతగా ఉండకండి. అందులో ఏం వేశారో అది చెప్తుంది, ఏం తగిలిందో చెప్పదు. రోజూ కొనే బ్రాండే అయినా ప్రతి ప్యాకెట్టూ చదవండి. తయారీ మారిస్తే మీకు ఫోన్ చేసి చెప్పరు.

ఇప్పుడు మీ వంటగది. ఇంట్లో మిగతావాళ్లు గుడ్డూ పాలూ వాడతారని రాశారు, వాడొద్దని నేను అనను. కానీ కొన్ని వస్తువులు బాబుకి విడిగా ఉండాల్సిందే. మొదటిది జల్లెడ. ఎంత తోమినా ఆ తీగల అల్లికలో పిండి ఉండిపోతుంది. తర్వాత చెక్క గరిటెలు, చెక్క పలక, అప్పడాల కర్ర, బ్రెడ్డు కాల్చే టోస్టర్, పూత పూసే బ్రష్షు, గీతలు పడ్డ నాన్‌స్టిక్ పెనం. మిక్సీ జార్ అయితే దాని అడుగున రబ్బరు రింగు తీసి చూడండి, పల్లీల పొడి ఏడాది కిందటిది కూడా దొరుకుతుంది. స్టీలు, గాజు గిన్నెలకి ఈ బాధ లేదు, సబ్బుతో తోమితే చాలు. మేము బాబాయిలకీ పిన్నులకీ కూడా అర్థమయ్యేలా, అమ్మాయి గరిటెలన్నిటికీ పిడికి ఎర్ర టేపు చుట్టాం. నోటితో చెప్పే జాగ్రత్త ఎవరికీ గుర్తుండదు.

ఇవన్నీ చేశాక కూడా మాకు ఒకసారి దెబ్బ తగిలింది, మైదా డబ్బాలో. ఎవరో జీడిపప్పు పొడి తీసిన చెంచానే తుడిచి మైదాలో పెట్టారు. తుడిచారు కదా అని వాళ్ల ధీమా. ఆ మైదాతో నేను చేసిన 'సురక్షితమైన' కేకు తిని అమ్మాయి వాంతులు చేసుకుంది. ఆ తర్వాత ఆమె పిండి, చక్కెర, సోడా మూతపెట్టిన వేరే డబ్బాల్లోకి మారాయి, చెంచాలు ఆ డబ్బాల్లోనే ఉంటాయి, బయటికి రావు. ఇంకొక సంగతి: ఒకే రోజు రెండు రకాలు చేయాలంటే బాబు కేకు ముందు చేసి, మూతపెట్టి పక్కన పెట్టేశాకే రెండోది మొదలుపెట్టండి. చేతులు సబ్బుతోనే కడగండి. చేతికి రాసుకునే శానిటైజర్ క్రిముల్ని చంపుతుంది కానీ పల్లీల మాంసకృత్తుని చేతి మీంచి తీయదు. ఓవెన్ వేడికి అలర్జీ పోతుందనుకునేవాళ్లూ ఉన్నారు. పల్లీల విషయంలో అది అబద్ధం.

గుడ్డు, పాల విషయంలో ఆ మాటలో సగం నిజం ఉంది, అందుకే ఎక్కువ ప్రమాదం. గుడ్డు, పాలు పడని పిల్లల్లో చాలామంది, కేకులో బాగా కాలిన గుడ్డునో పాలనో తట్టుకుంటారు. ఎక్కువసేపు వేడి తగిలితే కొన్ని మాంసకృత్తుల రూపం మారుతుంది, పిండిలో కలిసి మరింత బంధిపడతాయి. కానీ తెల్లసొనలో ఓవోమ్యూకాయిడ్, పాలలో కేసీన్ వేడికి అంత తేలిగ్గా లొంగవు. మీ బాబు ఏ కోవలోకి వస్తాడో ఎవరూ చూసి చెప్పలేరు. ఆసుపత్రిలో డాక్టరు ఎదుట కొంచెం కొంచెంగా తినిపించి తేల్చాల్సిందే. "ఒక చిన్న ముక్క పెట్టి చూద్దాం" అని ఇంట్లో పెద్దవాళ్లెవరైనా అంటే, వాళ్ల మీద ఎంత గౌరవమున్నా సరే, వద్దనండి.

ఇక్కడే మన భాష ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. పాలు తాగితే కడుపుబ్బరం వచ్చేవాళ్లకీ 'పాలు పడవు', ఊపిరాడక ఆసుపత్రికి పోయే పిల్లాడికీ 'పాలు పడవు'. మొదటిది లాక్టోజ్ అనే పాల చక్కెర అరగకపోవడం. రెండోది పాల మాంసకృత్తు మీద ఒంటి రక్షణ వ్యవస్థ తిరగబడడం. అందుకే ఎవరో మంచి మనసుతో లాక్టోజ్ లేని పాలు తెచ్చిస్తారు. అవి మాంసకృత్తులు పూర్తిగా ఉన్న మామూలు పాలే. మేక పాలు అంటారు ఇంకొకరు. ఆవుపాలు పడని పిల్లల్లో ఎక్కువమందికి అవీ పడవు. చుట్టాలకి చెప్పేటప్పుడు 'పడదు' అని ఊరుకోకుండా 'ప్రాణం మీదికి వస్తుంది' అనండి. కాస్త మొరటుగానే ఉంటుంది, కానీ వింటారు.

పాల బదులు వాడేవాటి గురించి అడిగారు. కేకుల్లో ఓట్ పాలు బాగుంటాయి, సోయా పాలు పడితే అవీ బాగుంటాయి. నిమ్మరసం వేస్తే సోయా పాలు విరిగి, కేకుకి మెత్తదనం కూడా వస్తుంది. కేకులో ఏది వేసినా, తాగడానికి రోజూ ఇచ్చే పాలు మాత్రం క్యాల్షియం కలిపినవేనా అని డాక్టరునో పోషకాహార నిపుణులనో అడిగి తేల్చుకోండి. ఐదేళ్లలోపు పిల్లలకి బియ్యం పానీయం పాలకి బదులుగా ఇవ్వొద్దని బ్రిటన్ ఆరోగ్య శాఖ చెబుతుంది, అందులో ఉండగల ఆర్సెనిక్ అనే విష పదార్థం వల్ల. జీడిపప్పు పడని బాబుకి పిస్తా కూడా డాక్టరు సరేననేదాకా దూరంగా ఉంచండి. ఆ రెండూ దగ్గరి చుట్టాలు, ఒకటి పడకపోతే రెండోదీ పడని పిల్లలు చాలామంది. అక్రోటు, పీకన్ కూడా అలాంటి జంటే.

కాబూలీ శనగలు ఉడికించిన నీళ్లతో గుడ్డు తెల్లసొనలా నురగ వస్తుందని విన్నాను, నిజమేనా అన్నారు. నిజమే. 2014లో జోయెల్ రోసెల్ అనే ఫ్రెంచి సంగీతకారుడు బయటపెట్టాడు, మరుసటి ఏడు దానికి 'ఆక్వాఫాబా' అని పేరు పడింది. చిక్కగా జారే ఆ నీళ్లు రెండు టేబుల్ స్పూన్లు ఒక తెల్లసొనకి సమానం. బీటర్‌తో నాలుగైదు నిమిషాలు కొట్టి రావట్లేదని వదిలేస్తారు చాలామంది. పది నిమిషాలు కొట్టండి, చిటికెడు క్రీమ్ ఆఫ్ టార్టార్ వేయండి, గిన్నెలో జిడ్డు చుక్క కూడా లేకుండా చూసుకోండి. మెరాంగ్‌లకి (తెల్లసొన నురగలో చక్కెర వేసి కాల్చే కరకరలాడే మిఠాయి) దీన్ని మించింది లేదు. కానీ పల్లీలూ శనగలూ ఒకే చిక్కుడు జాతివి. పల్లీలు పడని పిల్లలు ఎక్కువమంది శనగలు హాయిగా తింటారు. మీ బాబు ఇదివరకే తిని ఉంటే సరే, లేకపోతే ముందు డాక్టరుని అడగండి. లూపిన్ పిండి మాత్రం అసలు వద్దు. అదీ ఆ జాతిదే, పల్లీలు పడనివాళ్లలో కొందరికి దానితోనూ గట్టిగా వస్తుంది. గ్లూటెన్ లేని రొట్టెల్లో, బిస్కెట్లలో అది కనిపిస్తుంటుంది.

పల్లీల వెన్న బదులు పొద్దుతిరుగుడు గింజల వెన్నతో బిస్కెట్లు చేయొచ్చు. మర్నాడు విరిచి చూస్తే లోపల ఆకుపచ్చగా ఉంటుంది, బూజు పట్టిందని పారేయకండి. ఆ గింజల్లోని క్లోరోజెనిక్ ఆమ్లం సోడాతో కలిస్తే వచ్చే రంగది, తినొచ్చు. సోడా తగ్గించి కొంచెం నిమ్మరసం వేస్తే రంగు తగ్గుతుంది. మా అమ్మాయి ఎనిమిదేళ్లప్పుడు ఆ పచ్చ రంగు కోసమే చేయమని గోల చేసేది.

గోధుమ సంగతి మీకు అక్కర్లేదు కాబట్టి దాటేస్తున్నాను. బాబు స్నేహితుల్లో గోధుమ పడనివాళ్లుంటే మాత్రం, ఈ కేకులో మైదా తీసి ఇంకో పిండి వేస్తే సరిపోదని గుర్తుంచుకోండి.

మూడు వారాలున్నాయి కదా, ఇలా చేయండి. ఈ వారాంతంలో కేకు ఒకసారి చేయండి, ఏమీ మార్చకుండా, త్రాసులో తూచి. కప్పులతో కొలిస్తే మైదా ఒక్కోసారి ఒక్కోలా పడుతుంది. రెండో వారం పూతతో చేయండి. ఒకసారికి ఒక్కటే మార్చండి, ఏం మార్చారో రాసి పెట్టుకోండి. మీ మూడు ప్రయత్నాల్లోనూ గుడ్డు, పాలు, వెన్న ఒకేసారి మార్చారు, అందుకే ఎక్కడ చెడిందో తెలియలేదు. బాబు ఎప్పుడూ తినని పదార్థమేదైనా ఉంటే పుట్టినరోజు నాడు కానీ, పడుకోబోయే ముందు కానీ మొదటిసారి పెట్టకండి. పొద్దున పూట, మీరు పక్కన ఉన్నప్పుడు పెట్టండి.

డాక్టరు రాసిచ్చిన అడ్రినలిన్ పెన్ (అలర్జీ ముదిరితే వెంటనే పొడవాల్సిన సూది మందు) ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి, అలమర తాళంలో కాదు. ఊపిరి ఇబ్బంది, గొంతు బొంగురుపోవడం, వదలని దగ్గు, కళ్లు తేలేయడం, దద్దుర్లతో పాటు వాంతులు, వీటిలో ఏది కనిపించినా ముందు పెన్ తొడ బయటి వైపు పొడవాలి, తర్వాత అంబులెన్సు. దురద తగ్గించే సిరప్ పోసి చూద్దామని ఆగకూడదు, ప్రాణాంతక దశని అది ఆపదు. పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో పెట్టండి, ఊపిరి కష్టంగా ఉంటే కూర్చోబెట్టండి, లేపి నడిపించకండి. తేరుకున్నాడనిపించినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే, కొన్ని గంటల తర్వాత మళ్లీ తిరగబెట్టొచ్చు.

పుట్టినరోజు నాడు రెండు కేకులు పెట్టకండి. 'వాడికొకటి, అందరికీ ఒకటి' అంటే ఏదో ఒక క్షణంలో ఎవరో ఒకరు ఆ కత్తితోనే ఇదీ కోస్తారు. అందరికీ ఇదే కేకు పెట్టండి, రెండింతలు చేసి. తిన్నవాళ్లకి చెప్తే తప్ప తెలీదు, మా ఇంటికొచ్చే పిల్లలు ఇప్పటికీ దీన్నే అడుగుతారు. మీద చల్లే రంగుల పూసలు, చక్కెర బొమ్మలు కూడా వెనక వైపు చదివాకే వేయండి. నేను పూసలు మానేసి, పళ్ల ముక్కలు పేరుస్తాను.

మిగిలిన కేకుని ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కని గాలి తగలకుండా విడివిడిగా చుట్టి, బాబు పేరు రాసిన డబ్బాలో ఫ్రీజర్‌లో పెట్టండి. రెండు నెలలు బాగుంటుంది. వేరే పిల్లాడి పుట్టినరోజుకి వెళ్లే రోజు ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు ఒక ముక్క తీసి బాబు సంచిలో వేస్తే, అక్కడ కేకు కోసే వేళకి మెత్తబడి ఉంటుంది.